అట్ట మీది పలచటి పొర

అందరికీ నమస్కారం. ముందుగా ఈ పేపర్ కప్పు చూడండి. పైకి అంతా కాగితమే. ఇలాంటి కప్పునే ఒకదాన్ని చింపి ఉదయం నుంచి నీళ్ళలో నానబెట్టాను. ఇప్పుడు వేలితో రుద్దుతుంటే కాగితం గుజ్జుగా ఊడి వచ్చేస్తోంది. లోపలి వైపున్న ఈ పలచటి పొర మాత్రం రావడం లేదు. లాగితే సాగుతోంది. ఇది పాలిథీన్. కప్పు బరువులో ఇది సుమారు 5 నుంచి 10 శాతం ఉంటుంది. ఈ కాస్త పొర లేకపోతే మిగతా కాగితమంతా వేడి ద్రవం పోసిన కాసేపటికే మెత్తబడి చేతిలో కూలిపోతుంది.

ప్లాస్టిక్‌కి బదులు ఏం వాడాలి అని అడిగినప్పుడు మనం ఎక్కువగా ఆకారం గురించే మాట్లాడుకుంటాం. పెట్టె దేనితో చేయాలి, పళ్ళెం దేనితో చేయాలి, సంచి దేనితో కుట్టాలి అని. ఆకారం ఇవ్వడానికి చాలా పదార్థాలున్నాయి. కాగితం ఉంది, చెరకు పిప్పి ఉంది, గడ్డి ఉంది, వెదురు పీచు ఉంది. అసలు కొరుకుడు పడనిది ఈ పొరే. తేమను, గాలిని, నూనెను ఆపే ఈ పొరకు ప్రత్యామ్నాయం దొరికిన చోట ప్లాస్టిక్ తేలిగ్గా తప్పుకుంటుంది. దొరకని చోట పర్యావరణహితం అని పేరు పెట్టిన వస్తువులోకి కూడా అదే ప్లాస్టిక్ దొడ్డిదారిన వచ్చి చేరుతుంది. ఈరోజు నా ప్రసంగం అంతా ఈ పొర చుట్టూనే తిరుగుతుంది.

ఈ చిక్కు వందేళ్ళ నాటిది. 1908లో స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త జాక్ బ్రాండెన్‌బర్గర్ సెల్లోఫేన్ కనిపెట్టారు. కలపలోని పీచు పదార్థమైన సెల్యులోజ్‌ని కరిగించి, పారదర్శకమైన పలచటి రేకుగా మార్చారు. అది నూనెను ఆపింది, గాలిని ఆపింది. నీటి ఆవిరిని మాత్రం ఆపలేకపోయింది. అందులో చుట్టిన వస్తువు తడిదైతే ఎండిపోయేది, పొడిదైతే మెత్తబడేది. 1927లో డ్యూపాంట్ కంపెనీలో విలియం హేల్ చార్చ్ దాని మీద నైట్రోసెల్యులోజ్, మైనం కలిపిన చాలా పలచటి పూత వేసి ఆ లోటు తీర్చారు. ఆ తర్వాతే సెల్లోఫేన్ తిండి పదార్థాల ప్యాకింగ్‌లో విపరీతంగా వాడకంలోకి వచ్చింది. అప్పుడు కూడా పని గట్టెక్కించింది పూతే. ఇంకో మాట కూడా చెప్పాలి. సెల్లోఫేన్ మొక్కల నుంచే వచ్చింది, నిజమే. దాని తయారీలో వాడే కార్బన్ డైసల్ఫైడ్ మాత్రం ఫ్యాక్టరీ కార్మికుల నరాలను దెబ్బతీసే విషం. ముడిసరుకు మొక్కల నుంచి వచ్చినంత మాత్రాన తయారీ విధానం మంచిదైపోదు.

1933లో ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు వేరే ప్రయోగం చేస్తుండగా అనుకోకుండా పాలిథీన్ బయటపడింది. తేలిక, చవక, వేడి తగిలిస్తే దానంతట అదే అతుక్కుంటుంది, పైగా నీటి ఆవిరిని ఆపుతుంది. ఇన్ని గుణాలు ఒకే పదార్థంలో ఉన్నప్పుడు అది గెలవడంలో ఆశ్చర్యం లేదు. మనకి బాధ కలిగించాల్సింది అది గెలిచిన తీరు కాదు, దాన్ని మనం వాడిన తీరు. వందల ఏళ్ళు చెడని పదార్థాన్ని వారం రోజుల పనికి వాడి పారేశాం. 2017లో గేయర్, జాంబెక్, లా అనే ముగ్గురు పరిశోధకులు లెక్క తీశారు. 2015 వరకు ప్రపంచం తయారు చేసిన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులు. అప్పటికి చెత్తగా మారినదాంట్లో రీసైకిల్ అయింది దాదాపు 9 శాతం, కాల్చేసింది 12 శాతం. మిగతా 79 శాతం చెత్త గుట్టల్లోనో, నేల మీదో, నీళ్ళలోనో ఉండిపోయింది. అన్ని రంగాల్లోకీ ఎక్కువ ప్లాస్టిక్ వాడేది ప్యాకేజింగే. తయారైన ఏడాదిలోపే దాదాపు మొత్తం చెత్తగా మారేదీ అదే.

ఇప్పుడు ఈ పొర పని తీరును ఎలా కొలుస్తామో చూపిస్తాను. ఇది చిన్న అల్యూమినియం గిన్నె. ఇందులో తేమ లేకుండా బాగా ఎండబెట్టిన కాల్షియం క్లోరైడ్ అనే ఉప్పు ఉంది. ఇది చుట్టూ ఉన్న తేమనంతా లాగేసుకుంటుంది. గిన్నె మూతి మీద మనం పరీక్షించాల్సిన రేకును పరిచి, అంచుల చుట్టూ కరిగించిన మైనం పోసి మూసేస్తాం. ఇక లోపలికి తేమ వెళ్ళాలంటే ఆ రేకు గుండానే వెళ్ళాలి. తేమ, ఉష్ణోగ్రత మారకుండా ఉండే పెట్టెలో గిన్నెను పెట్టి రోజూ తూకం వేస్తాం. బరువు ఎంత పెరిగితే అంత నీటి ఆవిరి లోపలికి దూరిందన్నమాట. ఇంతకంటే సాదాసీదా పరీక్ష ఉండదు. పాలిథీన్ కప్పిన గిన్నె బరువు రోజుకి పెరిగీ పెరగనట్టు ఉంటుంది. పూత లేని కాగితం కప్పినదైతే మర్నాటికే లోపలి ఉప్పు తడిసి ముద్దవుతుంది. పిండి పదార్థంతో చేసిన రేకు కూడా ఈ పరీక్షలో నిలబడదు.

ఎందుకిలా? సెల్యులోజ్, స్టార్చ్, పాల ప్రొటీన్ లాంటి సహజ పదార్థాల అణువుల నిండా నీటిని పట్టుకునే గుణం ఉన్న భాగాలుంటాయి. నీటి ఆవిరి వాటిని అంటుకుని, ఒకదాని నుంచి ఇంకోదానికి జరుగుతూ లోపలికి పోతుంది. పాలిథీన్‌లో అలాంటి భాగాలు లేవు, అందుకే నీటికి దారి దొరకదు. ఆక్సిజన్ విషయంలో కథ పూర్తిగా తిరగబడుతుంది. పాలిథీన్ గుండా ఆక్సిజన్ సులువుగా దూరిపోతుంది. పొడిగా ఉన్న సెల్యులోజ్, పాల ప్రొటీన్ రేకులు ఆక్సిజన్‌ని బ్రహ్మాండంగా ఆపుతాయి, వాటి అణువులు ఒకదానికొకటి అంత గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. తేమ తగలగానే ఉబ్బి, సందులు ఏర్పడి ఆ పట్టు కూడా పోతుంది. అంటే సహజ పదార్థాల బలహీనత ప్రధానంగా ఒక్కటే. తేమ నుంచి వాటిని కాపాడగలిగితే మిగతా పని అవి బాగానే చేస్తాయి.

కరకరలాడే చిరుతిళ్ళ ప్యాకెట్లు లోపల వెండి రంగులో మెరుస్తుంటాయి కదా, వాటిని ఈ దృష్టితో చూడండి. బయట అచ్చు కోసం ఒక పొర, మధ్యలో ఆక్సిజన్‌ని, వెలుతురుని ఆపడానికి కొన్ని పదుల నానోమీటర్ల మందం మాత్రమే ఉండే అల్యూమినియం పూత, లోపల వేడితో అతుక్కునే ఇంకో పొర. ఒక్కోటి ఒక్కో పని చేస్తుంది. వేర్వేరు పదార్థాలు ఇలా అతుక్కుపోయాక వాటిని మళ్ళీ విడదీసి రీసైకిల్ చేయడం దాదాపు అసాధ్యం. చెత్త ఏరేవాళ్ళు కూడా వీటిని ముట్టుకోరు, ఎందుకంటే కొనేవాళ్ళు లేరు. నన్నడిగితే ప్యాకేజింగ్‌లో అన్నిటికంటే మొండి సమస్య ఈ చిన్న ప్యాకెట్లే. సీసాలు, డబ్బాలు వీటి తర్వాతే.

ఇక మొక్కల నుంచి వచ్చే ప్లాస్టిక్‌ల సంగతి. అందరికీ తెలిసింది పీఎల్ఏ. మొక్కజొన్న లాంటి పంటల పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చి, పులియబెట్టి లాక్టిక్ ఆమ్లం తీసి, దాని అణువులను గొలుసులుగా కలిపి దీన్ని తయారు చేస్తారు. పారదర్శకంగా, గట్టిగా ఉంటుంది. శిలాజ ఇంధనం మీద ఆధారపడదు. అంతవరకు మంచిదే. కానీ దీన్ని మట్టిలో పడేస్తే కలిసిపోతుందనుకోవడం పొరపాటు. 55 నుంచి 60 డిగ్రీల వేడి వస్తే గానీ దీని గొలుసులు కదలవు. తేమ లోపలికి చొచ్చుకుపోయి గొలుసులను తెంచాలి, ఆ తర్వాతే సూక్ష్మజీవులు తినగలవు. ఆ వేడి పారిశ్రామిక కంపోస్ట్ యూనిట్లలో ఉంటుంది. చల్లటి సముద్రపు నీటిలో ఉండదు, మామూలు నేలలోనూ ఉండదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 13432 చెప్పేది కూడా పారిశ్రామిక కంపోస్ట్ గురించే. 12 వారాల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ పడితే పైన 10 శాతానికి మించి మిగలకూడదు, ఆరు నెలల్లోపు 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. ఆ యూనిట్ లేని చోట కంపోస్టబుల్ అనే ముద్ర వల్ల ఒరిగేది ఏమీ లేదు. పైగా పీఎల్ఏ సీసా చూడటానికి అచ్చం పెట్ అనే మామూలు ప్లాస్టిక్‌తో చేసిన నీళ్ళ సీసాలాగే ఉంటుంది. రెండూ కలిసి రీసైక్లింగ్‌కి వెళ్తే, పెట్ కరగడానికి కావలసిన 250 డిగ్రీల పైచిలుకు వేడికి పీఎల్ఏ చెడిపోయి, మంచి సరుకును కూడా పాడుచేస్తుంది.

ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో ఇమోజెన్ నాపర్, రిచర్డ్ థాంప్సన్ చేసిన పరిశోధన ఒకటి ఉంది, 2019లో వచ్చింది. నా విద్యార్థులకు ఎప్పుడూ ఇదే ముందు చెబుతాను. రకరకాల చేతి సంచులు తీసుకుని కొన్నిటిని నేలలో పాతిపెట్టారు, కొన్నిటిని సముద్రంలో వేలాడదీశారు, కొన్నిటిని ఆరుబయట వదిలేశారు. మూడేళ్ళ తర్వాత నేలలోంచి, సముద్రంలోంచి తీసి చూస్తే, బయోడిగ్రేడబుల్ అని రాసి ఉన్న సంచి ఇంకా సరుకులు మోయగలుగుతోంది. ఆక్సో రకం సంచులూ అంతే, మామూలు ప్లాస్టిక్ సంచీ అంతే. కంపోస్టబుల్ సంచి సముద్రంలో మూడు నెలల్లో కనిపించకుండా పోయింది. అదే సంచి నేలలో 27 నెలల తర్వాత కూడా ఉంది, కాకపోతే బరువు వేస్తే చిరిగిపోయింది. ఒకే పదార్థం, చోటు మారితే ఫలితం మారింది. ఏ పదార్థం గురించైనా ఎక్కడ, ఎంత వేడిలో, ఎన్నాళ్ళకి అని చెప్పకుండా కలిసిపోతుంది అని ఊరికే అంటే నమ్మకండి. ఆక్సో రకం అయితే మరీ అన్యాయం. మామూలు ప్లాస్టిక్‌లో లోహపు లవణాలు కలిపి త్వరగా ముక్కలయ్యేలా చేస్తారు, ముక్కలయ్యాక అది కంటికి కనిపించని ప్లాస్టిక్‌గా మిగులుతుంది. యూరోపియన్ యూనియన్ 2021 జూలై నుంచి వాటి అమ్మకాన్ని నిషేధించింది. మంచి నిర్ణయం.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది పీహెచ్ఏ కుటుంబం, అంటే బాక్టీరియా తనంతట తానే తయారు చేసుకునే ప్లాస్టిక్‌లు. 1926 నాటికే పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మోరిస్ లెమ్వాన్ ఒక బాక్టీరియా కణంలో దీన్ని గుర్తించారు. మన ఒంట్లో కొవ్వు పేరుకున్నట్టు బాక్టీరియా తిండి ఎక్కువైనప్పుడు దీన్ని గుళికలుగా దాచుకుంటుంది, తిండి దొరకనప్పుడు కరిగించుకుని తింటుంది. ప్రకృతిలో దీన్ని తినగలిగే సూక్ష్మజీవులు ముందు నుంచీ ఉన్నాయి కాబట్టి నేలలోనూ, సముద్రంలోనూ ఇది కలిసిపోతుంది. తేమను ఆపడంలో కూడా పీఎల్ఏ కంటే మెరుగు. అందుకే కాగితం మీద పాలిథీన్ పూత స్థానంలో దీన్ని వేసే ప్రయత్నాలు జోరుగా సాగుతున్నాయి. ఇబ్బంది ఎక్కడంటే, ఈ కుటుంబంలో సర్వసాధారణమైన పీహెచ్‌బీ 175 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇంకాస్త వేడెక్కితే చెడిపోవడం మొదలవుతుంది. యంత్రం మీద ఉన్న మనిషికి ఆ కొద్ది డిగ్రీల తేడాలో పని కానివ్వాలంటే టెన్షనే. ఖరీదు కూడా మామూలు ప్లాస్టిక్ కంటే చాలా ఎక్కువ. ఈ రెండూ తయారీలో తేల్చుకోవాల్సిన సమస్యలు, పదార్థంలో లోపం కాదు.

పూత ఊసే అక్కర్లేని చోట్లు కూడా ఉన్నాయి. అక్కడ ఆలస్యం చేయడానికి నాకు కారణం కనిపించదు. టీవీ, కంప్యూటర్ లాంటి వస్తువులు పెట్టెలో కదలకుండా పెట్టే థర్మోకోల్ అలాంటిదే. దాని పని దెబ్బ తగలకుండా చూడటం, అంతే. దానికి బదులుగా పుట్టగొడుగుల వేర్లలాంటి దారాలతో, అంటే మైసీలియంతో, ప్యాకింగ్ పెంచుతున్నారు. పెంచుతున్నారు అనే అనాలి. అమెరికాలో 2007లో మొదలైన ఎకోవేటివ్ అనే సంస్థ దీనికి దారి చూపింది. పంట వ్యర్థాలను, పొట్టును శుభ్రం చేసి, అందులో శిలీంధ్రాన్ని కలిపి, కావలసిన ఆకారం ఉన్న అచ్చులో నింపి చీకట్లో వదిలేస్తారు. కొద్ది రోజుల్లోనే తెల్లటి దారాలు పొట్టులోకి అల్లుకుపోయి మొత్తాన్ని ఒకే దిమ్మగా కట్టేస్తాయి. బయటికి తీసి వేడి చేస్తే ఎదుగుదల ఆగిపోతుంది. ఇదిగో ఇది ఆ ముక్క. ఒకరి నుంచి ఒకరికి అందించండి. పైన మెత్తగా తగులుతోంది కదా, విరిచి చూస్తే లోపల పొట్టు రేణువులు కనిపిస్తాయి. థర్మోకోల్ కంటే కొంచెం బరువే. తోట మట్టిలో నలిపి వేస్తే కలిసిపోతుంది. దీనికి తోడు, పాత కాగితాన్ని గుజ్జు చేసి అచ్చు పోసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. గుడ్ల ట్రేలు అవే. ఈ రెండూ ఉండగా థర్మోకోల్ ఇంకా ఎందుకు వాడుతున్నామో తయారీదారులు జవాబు చెప్పాలి.

సముద్రపు నాచు సంగతి క్లుప్తంగా చెబుతాను. గోధుమ రంగు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ అనే జిగురు పదార్థాన్ని కాల్షియం లవణం ఉన్న నీటిలో ముంచితే వెంటనే గట్టిపడి పొరలా కడుతుంది. 2019 లండన్ మారథాన్‌లో పరుగు తీసేవాళ్ళకు ఇలాంటి పొరలో పానీయం అందించారు. తాగి, పొరను కూడా తినేయొచ్చు. కొద్ది రోజుల్లో ఎండిపోతుంది కాబట్టి అప్పటికప్పుడు వాడే చోటే పనికొస్తుంది. నాచు పెరగడానికి నేల, మంచినీరు, ఎరువు అక్కర్లేదు, అది పెద్ద లాభం.

చెరకు పిప్పి పళ్ళేల గురించి మాత్రం కాస్త నిలబడి మాట్లాడాలి. పిప్పి వ్యర్థం, దాన్ని వాడుకోవడం మంచిదే. కానీ పీచుతో చేసిన పళ్ళెం నూనె పీల్చకుండా ఎలా ఉంటోంది? చాలా ఏళ్ళు చాలా చోట్ల దానికి వాడింది పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు. కార్బన్, ఫ్లోరిన్ మధ్య బంధం ఎంత గట్టిదంటే నేలలో, నీటిలో, మన రక్తంలో అది ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. అలాంటి పళ్ళెం కంపోస్ట్‌లో వేస్తే పీచు కలిసిపోతుంది, రసాయనం ఎరువులో మిగిలిపోయి పొలానికి చేరుతుంది. ప్లాస్టిక్‌ని వదిలించుకోబోయి అంతకంటే మొండి దాన్ని నేలకు ఎక్కించడమే ఇది. డెన్మార్క్ 2020 జూలై నుంచి ఆహారానికి తగిలే కాగితం, అట్టల్లో వీటిని నిషేధించింది. అమెరికాలో నూనె పీల్చకుండా వాడే ఈ రసాయనాల అమ్మకం ఆగిపోయిందని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. పిప్పి సామాను కొనే ప్రతి సంస్థా పీఫాస్ పరీక్ష నివేదిక అడగాలి. అడగకుండా కొనడం సరికాదు.

ఇక్కడే కాగితం వాళ్ళ పాత విద్య ఒకటి గుర్తు చేయాలి. నూనెను ఆపడానికి రసాయనం అక్కర్లేదు. గుజ్జును మామూలు కంటే చాలాసేపు నలగ్గొట్టి, పీచు బాగా చీలిపోయి ఒకదానికొకటి అతుక్కునేలా చేసి, తయారైన కాగితాన్ని వేడి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే సందులు మూసుకుపోతాయి. అదే గ్లాసీన్ కాగితం. వెలుతురులో పెడితే మసకగా అవతలి వైపు కనిపిస్తుంది. నూనె అంత తేలిగ్గా ఇంకదు. తేమను ఆపలేదు, కానీ కొద్ది రోజులే ఉండే పదార్థానికి అంత అవసరం కూడా లేదు.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇక్కడుంది. లోపలి వస్తువు ఎన్ని రోజులు నిలవ ఉండాలి అన్నదే మొదటి ప్రశ్న కావాలి. గంటలోపు తినేసేదానికి, రెండేళ్ళు అరలో ఉండాల్సినదానికి ఒకే రకం పొర వేయడం వల్లే ఇంత చెత్త పోగైంది. కొన్ని గంటలు, కొన్ని రోజులైతే ఈరోజే కాగితం, పీచు, గ్లాసీన్ సరిపోతాయి. కొన్ని వారాలైతే సహజ పూతలు, పీహెచ్ఏ పూతలు అందుకోగలవు. నెలలు, ఏళ్ళు అయితే ఇంకా ప్లాస్టిక్‌కి సమానమైనది మన దగ్గర లేదు. అక్కడ అనేక పొరల ప్యాకెట్‌కి బదులు ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసి, నిజంగా రీసైకిల్ అయ్యేలా చూడటమే ఇప్పటికి మేలైన దారి. మాత్రల ప్యాకింగ్ జోలికి తొందరపడి వెళ్ళొద్దు, తేమ తగిలి మందు చెడితే నష్టం మనిషికి. తిండి విషయం కూడా అంతే. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క వేసింది. నాసిరకం ప్యాకింగ్‌తో ఆ కుప్ప ఇంకా పెంచితే అసలుకే ఎసరు వస్తుంది.

ఇంకో దారి, లోపలి వస్తువునే మార్చడం. ద్రవంగా అమ్మే సబ్బును బిళ్ళగా అమ్మితే సీసా అక్కర్లేదు, కాగితం చాలు. శుభ్రం చేసే ద్రవాల్లో ఎక్కువ భాగం నీళ్ళే. పొడిగానో బిళ్ళగానో అమ్మి, నీళ్ళు ఇంట్లో కలుపుకోమంటే రవాణా బరువు కూడా తగ్గుతుంది. పదార్థ శాస్త్రం ఇంకా తేల్చని సమస్యను ఇలా పక్కకి నెట్టేయొచ్చు.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

(సభలోంచి ప్రశ్న: గుడ్డ సంచి వాడితే సరిపోతుంది కదండీ?)

వాడితే సరిపోతుంది, కొంటే సరిపోదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్క ప్రకారం, ఒక్కసారి వాడి పడేసే పలచటి ప్లాస్టిక్ సంచితో వాతావరణ ప్రభావంలో సమానం కావాలంటే కాగితం సంచిని 3 సార్లు, నూలు సంచిని 131 సార్లు వాడాలి. ప్రత్తి పండించడానికి నీరు, ఎరువు, కరెంటు అంత ఎక్కువ అవుతాయి. ఇది వాతావరణం లెక్క మాత్రమే, సముద్రంలో పేరుకునే చెత్త ఇందులో లేదు. ఇంట్లో ఉన్న సంచినే చిరిగేదాకా వాడండి. ప్రతి సభలోనూ కొత్త గుడ్డ సంచులు పంచిపెట్టడం మానేస్తే బాగుంటుంది.

(ఇంకో ప్రశ్న: కంపోస్టబుల్ కవర్ ఇంట్లో ఎరువు కుండీలో వేయొచ్చా?)

కవర్ మీద ఏ ముద్ర ఉందో చూడండి. ఇంటి కంపోస్ట్‌కి వేరే ధ్రువీకరణ ఉంది. 20 నుంచి 30 డిగ్రీల వేడిలో ఏడాదిలోపు 90 శాతం సూక్ష్మజీవులు తినేయాలి. ఆ ముద్ర ఉంటే చిన్న ముక్కలుగా కత్తిరించి వేయండి. పారిశ్రామిక కంపోస్ట్ ముద్ర మాత్రమే ఉంటే కుండీలో వేయకండి, ఏడాది తర్వాత కూడా ముక్కలు తగులుతాయి. మీ దగ్గర తడి చెత్త తీసుకెళ్ళే యూనిట్‌లో వీటిని తీసుకుంటారో లేదో అడగండి. తీసుకోకపోతే అది చివరికి చెత్త గుట్ట అడుగున గాలి ఆడని చోటికి చేరుతుంది. అక్కడ కుళ్ళేవాటి నుంచి మీథేన్ వస్తుంది, వందేళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అలాంటి చోట ఆ కవర్ కొనకపోవడమే మంచిది. తడి చెత్తను కవర్ లేకుండా నేరుగా డబ్బాలో వేసి, డబ్బాను కడుక్కోండి.